రబ్బరు కింద

అబ్బాజాన్ అల్లాహ్ సన్నిధికి చేరుకొని రెండేళ్లు దాటింది. ఆయన నడిపిన అంబాసిడర్ కారు అప్పటి నుంచీ జనగామలోని మా ఇంటి ముందు వేపచెట్టు కిందనే ఉండిపోయింది. అది 1986 నాటి బండి. పశ్చిమ బెంగాల్లోని ఉత్తర్‌పారాలో తయారై, రెండు చేతులు మారి మా ఇంటికి వచ్చింది. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. జనగామ నుంచి మానుకోటకు ఎన్ని పెళ్లి బృందాలనో, వరంగల్ ఆసుపత్రులకు ఎందరు రోగులనో ఆ బండిలో అబ్బాజాన్ చేరవేశారు. మా చదువులూ, చెల్లి నికాహ్ ఆ చక్రాల సంపాదనతోనే జరిగాయి.

ఆయన అప్పులు తీర్చాము, వసీయత్ నెరవేర్చాము, ఇల్లూ పొలమూ పంచుకున్నాము. కారు ఒక్కటే మిగిలిపోయింది. దాని పంపకాన్ని వాయిదా వేస్తూ వచ్చింది నేనే. జ్ఞాపకమని నాకు నేను చెప్పుకున్నాను గాని, అమ్మీకీ చెల్లికీ చెందిన భాగాలు కూడా ఆ చెట్టు కింద తుప్పు పడుతున్నాయన్న ఆలోచన నాకు ఆలస్యంగా వచ్చింది.

భూపాలపల్లి నుంచి ఒకాయన వచ్చి బండిని చూశారు. సింగరేణిలో పని చేసి విరమణ పొందిన మనిషి. వాళ్ల నాన్న కూడా అంబాసిడర్ నడిపేవారట. లక్షా ఇరవై వేలకు మాట కుదిరింది. ముందు అద్దం చుట్టూ రబ్బరు పగిలిపోయి ఉన్నందున, కొత్తది వేయించి ఇస్తానని నేనే ఒప్పుకున్నాను.

ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. భార్యకు ఎనిమిదో వంతు, మిగిలినదానిలో కుమారునికి రెండు పాళ్లు, కుమార్తెకు ఒక పాలు. మొత్తాన్ని 24 భాగాలు చేస్తే అమ్మీకి 3, నాకు 14, చెల్లికి 7. అంటే అమ్మీకి 15 వేలు, నాకు 70 వేలు, చెల్లికి 35 వేలు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

మరునాడు ఉస్తాద్ వచ్చారు. పాత కార్ల అద్దాల పనిలో జుట్టు నెరసినవారు. ఈనాటి కార్లకు ముందు అద్దాన్ని జిగురుతో రేకుకు అతికిస్తారు. ఆ కాలపు బండ్లలో అద్దాన్ని పట్టి ఉంచేది రబ్బరే. దానికి రెండు గాడులు ఉంటాయి. ఒకదానిలో అద్దం అంచు, రెండోదానిలో బండి రేకు అంచు కూర్చుంటాయి. కొన్ని బండ్ల రబ్బరుకు బయటివైపు మూడో గాడి కూడా ఉంటుంది, అందులోకి బిగింపు పట్టీ దూరుస్తారు. ఎండ, గాలి తగిలి ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడుతుంది, కుంచించుకుపోతుంది, మూలల్లో పగుళ్లు విచ్చుకుంటాయి. నీరు లోపలికి దిగేది ఆ మూలల్లోంచే.

మా బండి రబ్బరు రాయిలా తయారైంది. ఉస్తాద్ దానిని బయటినుంచి బ్లేడుతో కోసి, లోపలి నుంచి అద్దాన్ని మెల్లగా తోసి, ఇద్దరం పట్టుకొని పాత దుప్పటి మీద పడుకోబెట్టాము. తిరిగి వచ్చి చూస్తే ఎడమవైపు కింది మూలలో రేకు అంచు లేదు. అరచేయి పొడవున తుప్పు తినేసింది. వేలితో నొక్కితే పొడి రాలింది. కాళ్ల దగ్గరి పట్టా ఎత్తి చూస్తే నేల రేకు కూడా అదే దారి పట్టింది. రెండేళ్లు రాలిన వేపాకులు ఆ మూలలో కుళ్లి తడిని ఆరనివ్వలేదు.

ఉస్తాద్ చాలాసేపు చూసి అన్నారు: "కొత్త రబ్బరు కూసున్నంక ఇది ఎవలకూ కనబడదు సార్. పుట్టీ పెట్టి రంగు కొడితే ఒక వానకాలం ఆగుతది. కోసి కొత్త రేకు అతికిస్తె నిలబడతది, కని ఖర్చు. ఎట్ల చెయ్యమంటరు?"

ఆయన నాకు తప్పుడు సలహా ఇవ్వలేదు. ఉన్న రెండు దారులూ చెప్పారంతే. నేనే వెంటనే జవాబు చెప్పలేకపోయాను. పాత బండి కొనేవారికి తుప్పు ఉంటుందని తెలియదా, ఆయన చూసుకొనే కదా ధర చెప్పారు అన్న సాకు మొదట వచ్చింది. దానికంటే బలమైనది తరువాత వచ్చింది. ఈ డబ్బు నాదొక్కడిదే కాదు. విధవరాలైన తల్లి వాటా, ఆడబిడ్డ వాటా ఇందులో ఉన్నాయి. నా నిజాయితీ కోసం వాళ్ల సొమ్ము తగ్గించే హక్కు నాకు ఎక్కడిది? రెండేళ్లు వాళ్ల వాటాను చెట్టు కింద వదిలేసినప్పుడు రాని ఈ బాధ్యత, తుప్పు దాచాల్సి వచ్చినప్పుడు ఎంత చురుకుగా వచ్చిందో!

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకనాడు అంగడిలో ధాన్యపు రాశి దగ్గర ఆగి, లోపలికి చేయి పెట్టి చూడగా వేళ్లకు తడి తగిలిన సంఘటన మనలో చాలామందికి తెలిసినదే. వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. తడిసిన భాగాన్ని జనం చూసేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన అడిగారు, మోసగించేవాడు తన వాడు కాడన్నారు. జనగామవాళ్లకు ఈ సంఘటన అర్థం కావడానికి వ్యాఖ్యానం అక్కరలేదు. వడ్ల కాంటాల కాలంలో మార్కెట్ యార్డుకు వెళ్తే చాలు. తేమ 17 శాతం దాటితే కాంటా ఆగిపోతుంది. అందుకే అక్కడ ఎవరూ రాశిని పైపైన చూసి ఊరుకోరు, గింజలను లోపలి నుంచి తీస్తారు. ఆ వర్తకుడు వానను కురిపించలేదు. నేనూ తుప్పును పుట్టించలేదు. అడిగిన ప్రశ్న వాన గురించి కాదు కదా.

మహబూబాబాద్‌లో ఉన్న చెల్లికి ఫోన్ చేశాను. అంతా చెప్పి, ధర తగ్గితే నీ వాటా కూడా తగ్గుతుందమ్మా అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

"ఎడమ మూలేనా భయ్యా? నేను కూర్చునే వైపు?"

"అవును."

"అక్కడ అబ్బాజాన్ తువ్వాల మడిచి పెట్టేవారు కదా. వానొస్తే దాన్ని పిండడం నా పని. ఆ తువ్వాల సంగతి ఆయనకు చెప్పావా?"

చెప్పలేదు. నేను దాన్ని మరిచిపోయాను కూడా. అమ్మీని అడిగితే, "దీనికి నన్ను అడగాలా?" అని మాత్రం అని జొన్నరొట్టెల పిండి కలుపుతూ ఉండిపోయింది.

భూపాలపల్లికి ఫోన్ చేశాను. పుట్టీ కింద దాచగలిగినదాన్ని పేరు పెట్టి చెప్పడానికి నాకు కొంచెం సిగ్గేసింది. ఆయన ఫోన్‌లో బేరం ఆడలేదు. ఆదివారం పరకాల, హన్మకొండ మీదుగా బస్సుల్లో వచ్చి, మూలను వేలితో తడిమి, నేల రేకు కింద టార్చిలైటు వేసి చూశారు. రేకు కోసి అతికించే పని, రెడ్ ఆక్సైడ్, రంగు కలిపి ఉస్తాద్ 24 వేలు చెప్పారు. ఆ మొత్తం ధరలోంచి తగ్గింది. బండి 96 వేలకు నిలిచింది. అమ్మీకి 12 వేలు, చెల్లికి 28 వేలు, నాకు 56 వేలు.

రంగు పూర్తిగా ఆరాక, మరో ఆదివారం రబ్బరు వేశాము. ఆయన కూడా వచ్చారు. మీలో ఎవరింట్లోనైనా ఇలాంటి బండి ఉంటే, ఈ పని ఒంటరి మనిషి వల్ల అయ్యేది కాదని తెలుసుకోండి. మొదట కొత్త రబ్బరును కాసేపు ఎండలో ఉంచి మెత్తబరిచాము. కొలతకు కోసే రబ్బరును ఒక అంగుళం ఎక్కువే ఉంచాలట, అది తరువాత కుంచించుకుంటుంది. అద్దం చుట్టూ రబ్బరు తొడిగి, రెండో గాడిలో నైలాన్ తాడును చుట్టంతా దూర్చి, దాని రెండు కొసలూ కింది మధ్యభాగంలో జానెడు మేర ఒకదానిమీద ఒకటి వచ్చేలా లోపలివైపు వదిలారు ఉస్తాద్. గాడి నిండా సబ్బు నీళ్లు పూశారు. ఇంజన్ ఆయిల్ రాస్తే ఇంకా సులువు కదా అని నేను అడిగితే కోప్పడ్డారు. సహజ రబ్బరు ఆ నూనెను పీల్చుకొని ఉబ్బి పాడవుతుంది. సబ్బు నీరైతే పని అయ్యేదాకా జారనిచ్చి, ఆపైన ఆరిపోతుంది.

నేను బయట, భూపాలపల్లి పెద్దమనిషి లోపల. ఆయన తాడు కొసను అద్దం మధ్యవైపు లాగుతుంటే, రబ్బరు పెదవి ఒక్కొక్క అంగుళమే లేచి రేకు అంచు మీదికి వచ్చి కూర్చుంటుంది. ఆ చోటనే నేను బయటినుంచి అరచేతితో తట్టాలి. పిడికిలి పనికిరాదు. లోపల ఏమవుతోందో నాకు సరిగా కనిపించదు, నా చేయి ఎక్కడుందో ఆయన చెప్పాలి. ఎడమ మూలకు వచ్చేసరికి తాడు బిగుసుకుంది. ఆయన గట్టిగా గుంజారు. "ఆగుండ్రి!" అని ఉస్తాద్ అరిచారు. అది అబ్బాజాన్ మార్పించిన లామినేటెడ్ అద్దం. రెండు పొరల మధ్య ప్లాస్టిక్ ఉంటుంది కనుక పగిలినా ముక్కలు చెదరవు, కాని అంచు మీద ఒక్కచోటే బరువు పడితే అక్కడి నుంచి గీత పరుగెడుతుంది. మళ్లీ సబ్బు నీళ్లు పోసి, రెండు అంగుళాలు వెనక్కి వచ్చి మొదలుపెట్టాము. అసర్ అజాన్ వినిపించే వేళకు తాడు రెండు కొసలూ ఆయన చేతిలోకి వచ్చేశాయి.

నమాజ్ చేసుకొని వచ్చి బకెట్లతో నీళ్లు కొట్టాము. మొదటిసారి ఎడమ మూలలో ఒక్క చుక్క కనిపించింది. ఉస్తాద్ పెదవి ఎత్తి లోపల సీలెంట్ నింపారు. రెండోసారి పొడిగా ఉంది.

సామాను డబ్బా తెరిచినప్పుడు అడుగున తువ్వాల దొరికింది. చెల్లికి పంపుదామని పక్కన పెట్టాను.

జూలైలో ముసురు పట్టిన రోజు భూపాలపల్లి నుంచి ఫోన్ వచ్చింది. గుండె ఒక్కసారి దడదడలాడింది.

"సారూ, అద్దం మూల బాగుంది, ఒక్క చుక్క లేదు. కాని డ్రైవర్ పక్క తలుపు నుంచి కారుతుంది. ఈ సంగతి మీకూ తెల్వదనుకుంట" అని ఆయన నవ్వారు.

నిజంగానే తెలియదు. తలుపు రబ్బరు ఎంతవుతుందో చెప్పమన్నాను. ఆయన చెప్పలేదు.