తుంగభద్రాతీర లేఖలు

1
హంపి,
మాఘ శుద్ధ విదియ

పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయు విన్నపములు.  

ఉదయమున హోసపేటలో రైలు దిగి, ఆచార్యులవారి వెంట మా తరగతివారమందఱమును బస్సులో నిచ్చటికి చేరితిమి. “ఊళ్లు తిరుగుటకు పట్టా యెందులకమ్మా, కాళ్లును కాసులును ఉన్న చాలదా?” అని బయలుదేరునప్పుడు మీరు పరిహాసమాడితిరి. తిరుగువానికి అవి చాలును. అట్టివారు వేలకొలదిగ వచ్చిపడు నూరికి మాత్రము చాలవు. ఆ యూరి పక్షమున ఆలోచించుటయే మా పర్యాటక ప్రణాళికాశాస్త్రమున ముఖ్యభాగమని నాకిచ్చట దృఢపడినది.

విరూపాక్షుని గోపురమునకు తూర్పుగా, ఏకశిలానందివఱకు సాగిన విశాలవీథికి ఇరువైపుల ఱాతిమంటపములు బారులు తీరి యున్నవి. 1520 ప్రాంతమున వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఈ నగరపు టంగళ్లలో రత్నములును వజ్రములును విక్రయించుట చూచి వ్రాసిపెట్టెను. నగరము పాడుపడిన చిరకాలమునకు ఆ మంటపములలో మరల జనులు చేరి, స్తంభముల నడుమ గోడలు లేపి కాపురములు పెట్టిరి. 1986లో హంపి ప్రపంచ వారసత్వ పట్టికలోనికి ఎక్కిన పిదపను, యాత్రికులు పెరిగినకొలది అంగళ్లును హోటళ్లును పెరుగుచునే పోయినవి. తుదకు 2011 జూలైలో అధికారులు ఆ కట్టడములను కూలద్రోయించి, కుటుంబములను నాలుగు కిలోమీటర్ల దూరమున నున్న కడ్డిరాంపురమునకు తరలించిరి.

పురాతన స్తంభములకు సిమెంటు పూసి గోడలు కట్టుట అపచారమే, దానిని కాదనజాలను. కాని అంగడివీథిగా పుట్టిన వీథిలో అంగడి యుండరాదనుట ఎట్టి సంరక్షణమో నాకు బోధపడలేదు. గుడి ముంగిట కొబ్బరికాయలమ్ము నొక అవ్వ, మన తెలుగున మాటలు కలిపి, “తెల్లవారి అమ్మిన నాలుగు కాయల లాభము ఆటోకే సరి, తల్లీ, మునుపు గడప దాటిన గుడియే గదా” యనెను. ఆ ఆటోబాడుగ ఏ ప్రణాళికలోను ఖర్చుగా లెక్కకు వచ్చియుండదు.

2
మాఘ శుద్ధ చవితి

నేడు దినమెల్ల విఠ్ఠలాలయముకడ గడపితిమి. ఆలయమునకు కిలోమీటరు దూరముననే, గెజ్జల మంటపముకడ మోటారుబండ్లను నిలిపివేయుదురు. అచ్చటినుండి నడచియైన పోవలెను, లేక పొగయు అదురును లేని బ్యాటరీబండి నెక్కవలెను. నేనెక్కిన బండిని తోలినది ఒక యువతి. నియమ మొక్కటే, ఱాతికి రక్షణయు ఊరివారికి జీవనమును సమకూర్చినది. ప్రణాళిక యనగా నిట్లుండవలెనని మా ఆచార్యులవారు చూపిరి.

లోపల ఱాతిరథముకడ నిలిచి, పావుగంట కెందఱు వచ్చుచున్నారో, ఒక్కొక్కరు ఎంతసేపు నిలుచుచున్నారో వ్రాసికొంటిమి. దీని ప్రయోజనము అమ్మకు సులభముగా తెలియును. పెండ్లిపందిటిలో ఎన్ని విస్తళ్లు పట్టునో చూచి, ఎన్ని బంతులు లేచునో దానితో హెచ్చింతుము. పిదప వానజల్లు పడు మూలలను తీసివేసి, తుదకు వడ్డించువారెందఱో చూచుకొని పిలుపుల సంఖ్యను తగ్గింతుము గదా. కోస్టారికా దేశమున 1992లో సిఫ్యుయెంటెస్ అను నతడు రక్షితప్రాంతముల యాత్రికధారణశక్తిని నిర్ణయించుటకు వ్రాసిన పద్ధతియు నిదియే: స్థలమును బట్టి ఒక సంఖ్య, ప్రకృతి నిర్బంధములను బట్టి తగ్గిన సంఖ్య, నిర్వహణసామర్థ్యమును బట్టి ఇంకను తగ్గిన సంఖ్య. ఈ ఆలయపు సంగీతస్తంభములను ఇప్పుడు ముట్టనీయరు; నాదము వినగోరి తట్టిన చేతులన్నిటిని ఆ ఱాయి ఎంతకాలమని ఓర్చుకొనగలదు?

3
ఆనెగొంది,
మాఘ శుద్ధ షష్ఠి

తళారిఘట్టపు రేవునకు ఆవలి ఒడ్డున నున్న ఈ గ్రామమునకు పడవలో వచ్చితిమి. ఈ రేవుకడ తలపెట్టిన వంతెన మూలమున 1999లో హంపి ‘అపాయమున నున్న వారసత్వముల’ పట్టికలో చేరెను; 2006లో దానినుండి బయటపడెను; ఆ వంతెనయో, 2009 జనవరిలో పని జరుగుచుండగనే కూలి కూలీల ప్రాణములు గొనెను. బడికిని ఆసుపత్రికిని నది దాటవలసిన పల్లెవారికి వంతెన కావలెను. వారసత్వక్షేత్రమునకు అది తగదు. ఇట్టి రెండు న్యాయములు ఢీకొనుచోటనే మా చదువునకు అసలైన పరీక్ష.

1980లో బట్లరను భూగోళశాస్త్రజ్ఞుడు, యాత్రాస్థలమును కొందఱు కనుగొనుట మొదలు అది విస్తరించి, స్తంభించి, క్షీణించుటయో పునరుజ్జీవించుటయో వఱకు గల దశలను వివరించెను. ఆ దశలకు ఉదాహరణగ, నదిలోని ద్వీపమైన విరూపాపుర గడ్డెలో అనుమతి లేక వెలసిన విడిదులను 2020లో సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి పడగొట్టిరి; అచ్చట విస్తరణము ప్రణాళికకంటె ముందు పరుగెత్తినది. ఇచ్చటనో, స్త్రీలు అరటిపట్టనుండి నార తీసి, పేని, త్రాళ్లుగా అల్లి సంచులు చేయుచున్నారు. ఆ పనిలో నున్న యొకామె మాతో మాటలాడుచుండగను ఆమె వ్రేళ్లు ఆగవు. తడిపిన నార ఆమె తొడపై ఒక్కసారి దొరలి చేతిలోనికి త్రాడై వచ్చుచుండెను. యాత్రికుడిచ్చిన పైకము ఊరు దాటిపోక నిలుచుట కిట్టి పనులే దారి.

నాన్నగారూ, మన హిందూపురమునకు దాపుననే యున్న లేపాక్షి వీరభద్రాలయము 2022లో యునెస్కోవారి తాత్కాలికజాబితాలో చేరినది గదా. రేపు పెద్దపట్టిక కెక్కిన, అచ్చటికిని ప్రణాళికలు వచ్చును. అవి వచ్చుటకు ముందే, గుడిముందర ఎవరెవరు ఏమేమి అమ్ముచున్నారో, ఏ యూరినుండి ఎట్లు వచ్చుచున్నారో వ్రాసిపెట్టిన, వారిని లెక్కలోనికి తీసికొనక తప్పదు. ఈ విషయముననే నా పరిశోధనవ్యాసము వ్రాయ నిశ్చయించితిని. ఆదివారమున మీరు తమ్ముని వెంటబెట్టుకొని పోయి ఆ లెక్కను ఆరంభింపవలెనని ప్రార్థన. ఆ గుడిలోని వ్రేలాడు స్తంభము క్రింద గుడ్డ దూర్చి చూచుటకు ఒక్కొక్కరికి ఎన్ని నిమిషములు పట్టుచున్నదో వాడు లెక్కించును. నమూనాపట్టికను దీనితో జతపఱచితిని. పెన్సిలుతో నింపిన చాలును.

చిత్తగింపవలెను.

మీ కుమార్తె