వేరే కంపెనీ ఓడ

కిందటి ఏడు సింగపూరులో నేనూ, మా మనవడూ రెండోసారి విహారనౌక ఎక్కాము. ఈసారి కంపెనీ వేరు. మొదటి ఓడలో నాలుగు రోజులు తిరిగాడు గనక మావాడికి తెలియనిది లేదు! "భోజనశాల వెనకవైపు ఉంటుంది, రా తాతయ్యా!" అని నన్ను లాక్కుపోయాడు. తీరా చూస్తే అక్కడ ఈతకొలను ఉన్నది.

ఇంతలో ఓడ కూసింది: ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. ఇది మాత్రం ఏ కంపెనీ ఓడలోనైనా ఒకటే. ఆపద వస్తే ఎవరెక్కడ చేరాలో ప్రయాణికులకు ముందే నేర్పుతారు. 2012లో ఇటలీ తీరాన కోస్టా కాంకార్డియా అనే ఓడ రాతికి కొట్టుకుని ఒరిగిననాడు, ఆ రోజే ఎక్కిన వందలమందికి ఈ అభ్యాసం ఇంకా జరగలేదు. ఆ ప్రమాదంలో 32 మంది పోయారు. అందుకే 2015 నుంచి, ఓడ బయలుదేరేలోగా గాని, బయలుదేరిన వెంటనే గాని అభ్యాసం జరిపి తీరాలన్న నిబంధన వచ్చింది.

కూత వినగానే మావాడు ఎడమవైపుకు పరుగెత్తాడు. పాత ఓడలో మా చోటు అక్కడే మరి! నేను ఆయాసపడుతూ వెళ్లేసరికి ఓడ ఉద్యోగి ఒకడు వాడి కార్డు మీది అక్షరం చూసి, మా చోటు కుడివైపున అని చూపిస్తున్నాడు. వాడి మొహం చిన్నబోయింది.

రాత్రి భోజనానికి పిలిస్తే వాడు రాలేదు. వెళ్లి చూద్దును గదా, మా గది నుంచి ఆ చోటిదాకా తలుపులు లెక్కపెడుతూ నడుస్తున్నాడు.

"పదకొండు తలుపులు, రెండు మెట్ల వరసలు, తాతయ్యా! ఏదీ, ఇప్పుడు నువ్వు లెక్కపెట్టు," అన్నాడు.