మా క్రొత్త చదువు

గడచిన రెండేండ్లలో మేము ఒక క్రొత్త విద్య నభ్యసించితిమి. అది కుట్టుపని కాదు, సంగీతము కాదు. బ్యాంకులలోను, ఆసుపత్రులలోను, కార్యాలయములలోను రేయింబవళ్లు పనిచేయు సర్వరులను కనిపెట్టియుండు విద్య. దీనిని సిస్టమ్ అడ్మినిస్ట్రేషను అందురు. ముప్పది నాలుగేండ్ల వయసున, బిడ్డలిద్దరిని బడికి పంపి, మేమును బడికి పోయితిమి. పోయి, పరీక్షలో ఒకమారు తప్పితిమి. ఆ తప్పుట యెట్లు సంభవించెనో చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా కాపురము హైదరాబాదులోని బల్కంపేట. ఎల్లమ్మతల్లి యిచ్చట నేలమట్టమునకు దిగువన, బావిలో కొలువైయున్నది. ఆషాఢమున మంగళవారమునాడు జరుగు అమ్మవారి కల్యాణమునకు వచ్చు జనముతో మా వీధులు నిండిపోవును. గుడినుండి నడచిపోదగిన దూరముననే అమీర్‌పేట. అందు మైత్రీవనము, ఆదిత్య ఎన్‌క్లేవు. ఆ మేడలకు కిటికీలకంటె శిక్షణాలయముల బోర్డులే యెక్కువయని మా వారు పరిహాసమాడుచుందురు. జిల్లాలనుండి బిడ్డలు డిగ్రీ చేతబట్టుకొని వచ్చి, హాస్టలు గదులలో ముగ్గురు నలుగురు చొప్పున సర్దుకొని, కొన్ని నెలలలో ఒక విద్య నేర్చి ఉద్యోగము వెదకుకొందురు. 2020 లో కరోనా వచ్చిన పిదప చాల పాఠములు ఇంటినుండియే వినునట్లు మారినను, ఆ వీధి సందడి పూర్తిగా పోలేదు. పదేండ్లు మేము కూరగాయల సంచితో ఆ బోర్డుల క్రిందనే నడచితిమి. కరపత్రములు పంచు కుర్రవాడు మా చేతికి మాత్రము ఏనాడును ఒకటి యీయలేదు.

మా వారు ఉపాధ్యాయులు. వారి పాఠశాలలో పిల్లల మార్కులు, హాజరు అన్నియు ఒక్క కంప్యూటరులోనే యుండెడివి. ఒక వేసవిలో అది ఆగిపోయెను. బాగుచేయ వచ్చిన మనిషి లోపలి డిస్కును తుడిచివేసి, "అంతా కొత్తగా ఎక్కించాను సార్" అని చెప్పి, డబ్బు పుచ్చుకొని పోయెను. మూడేండ్ల పట్టికలు పోయినవి. కాగితములపై మిగిలినదానిని మా వారు రాత్రులు కూర్చుండి తిరిగి ఎక్కించుచుండగా, మేము ప్రక్కన కూర్చుండి అంకెలు చదివితిమి. ఇంటి తాళపుచెవి మన కొంగున నుండక పరాయివాని చేత నుండుట యెట్టిదో, ఇదియు నట్టిదేయని ఆ రాత్రులలో మాకు తోచెను. పుట్టింటివారు పెట్టిన గాజుల జత నమ్మి ఫీజు కట్టితిమి. మా అత్తగారు ఏమియు ననలేదు. అదియే మాకు భయమాయెను.

తరగతి ఉదయము ఏడు గంటలకు. అందరును మాకంటె పదేండ్లు చిన్నవారు. మొదటి దినమున ఒక బాలిక, "అక్కా, మీ తమ్ముడి కోసం కనుక్కోవడానికి వచ్చారా?" అని యడిగెను. మాకొరకేయని చెప్పితిమి. ఆమె జరిగి చోటిచ్చెను.

మేము నేర్చినది రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్సు. దీని పుట్టుక వినదగినది. 1983 లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్, ఎవరైనను చదివి, మార్చి, పంచుకొనదగిన సాఫ్ట్‌వేరు కావలెనని గ్నూ అను ప్రయత్నము నారంభించెను. 1991 లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ లినక్సు కెర్నలును వెలువరించెను. రెండును కలిసినవి. దానిని పెద్ద కార్యాలయములకు దగునట్లు కూర్చి రెడ్ హ్యాట్ సంస్థ 2002 నుండి అమ్ముచున్నది. మూలము దాచినది కాదు. ఆ సంస్థ అమ్మునది పదేండ్లపాటు లోపములు సవరించి తోడ్పడెదమను పూచీని. ఆ పూచీ విలువ యెంతటిదనగా, 2019 లో ఐబీఎం వారు ఆ సంస్థను 3,400 కోట్ల డాలర్లకు కొనిరి. అయినను సొంతముగా అభ్యసించువారికి 16 యంత్రములవరకు ఆ సంస్థ వెల లేకుండ ఇచ్చును. మా వారి పాత ల్యాప్‌టాపులో రెండు వర్చువల్ మెషీనులను, అనగా యంత్రములోని యంత్రములను, నిలుపుకొంటిమి.

మా తండ్రిగారు బాల్యమున మాకు అమరమును, చిన్నయసూరి బాలవ్యాకరణమును వల్లె వేయించిరి. లినక్సు ఆదేశములు మాకు సూత్రములవలె కనబడినవి: అక్షరములు కొన్ని, అర్థము విస్తారము. ప్రతి ఫైలునకు మూడు తరగతులవారు కలరు: యజమాని, గుంపు, ఇతరులు. చదువుటకు 4, వ్రాయుటకు 2, నడపుటకు 1. కనుక 640 అన్నచో యజమాని చదువను వ్రాయను వచ్చును. గుంపువారు చదువ మాత్రము వచ్చును. ఇతరులకు ఏమియు లేదు. పద్దు వ్రాయునది ఇల్లాలు, చూచునది ఇంటివారు, పొరుగువారికి పనిలేదు అని మేము గుర్తుంచుకొంటిమి. అందరికిని పైన రూట్ అను అధికారి. ఆ పేరుతో ఊరక కూర్చుండరాదనియు, అవసరపడినపుడు సుడో అను మాటతో ఆ అధికారమును ఎరువు తెచ్చుకొనవలెననియు గురువుగారు చెప్పిరి. రెండు నెలలు తిరుగకముందే పాఠములన్నియు మాకు కంఠస్థమైనవి. కుర్రవారు మమ్మడిగి వ్రాసికొనుచుండిరి. మాకు గర్వము కలిగెను.

ఆర్‌హెచ్‌సీఎస్ఏ అను పరీక్షలో నాలుగు జవాబులిచ్చి ఒకదానిని గుర్తింపుమనుట లేదు. మూడు గంటలు యంత్రము నెదుట నుంచుకొని పని చేసి చూపవలెను. 300 కు 210 రావలెను. చేసినదంతయు యంత్రమును ఆర్పి వెలిగించిన పిదపను నిలిచియుండవలెను. ఈ విద్యకు ప్రాణమిదియే. ఒక సేవను "స్టార్ట్" చేసినచో ఇప్పుడు నడచును. "ఎనేబుల్" చేసిననే రేపు వెలిగించినపుడు తనంత లేచును. ఫైర్‌వాలులో ద్వారము తెరచి "పర్మనెంట్" అనకున్నచో, మరల వెలిగించునప్పటికి అది మూసికొనును. క్రొత్త డిస్కు భాగమును తగిలించినచో ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అను పట్టికలో దాని గుర్తింపు సంఖ్యను వ్రాయవలెను.

ఆ సంఖ్యలో మేము ఒక అక్షరము తప్పు వ్రాసితిమి. "మౌంట్ -ఏ" అను ఆదేశముతో ముందుగా సరిచూచుకొనుడని గురువుగారు నూరుమార్లు చెప్పియుండిరి. తెలిసినదే గదాయని మేము చూడలేదు. మరల వెలిగింపగా, ఆ యంత్రము లేని డిస్కుకొరకు ఒకటిన్నర నిముషము వేచి, ఎమర్జెన్సీ స్థితిలో నిలిచిపోయెను. రూట్ పాస్‌వర్డు ఇచ్చి ఆ పంక్తిని సవరించిన చాలును. ఆ పాఠము నోటికి వచ్చును, చేతికి రాలేదు. ఇంట మేము యంత్రమును చెడకుండ నడపుటనే నేర్చితిమిగాని, చెడినదానిని లేపుట ఏనాడును చేసి చూడలేదు. కాలము తీరెను.

ఆ రాత్రి మేము అన్నము ముట్టలేదు. మా అత్తగారు కంచము తెచ్చి యెదుట పెట్టి, "ఒకనాడు అన్నం మాడిందని పొయ్యి తీసి పారేస్తామా అమ్మాయ్? మాడిన గిన్నె తోముకోవడమూ వంటలో భాగమే" అనిరి.

మరునాటినుండి మేము గిన్నె మాడ్చి తోముట నేర్చితిమి. ప్రతి మధ్యాహ్నమును యంత్రమును బుద్ధిపూర్వకముగా చెడగొట్టి, లేపితిమి. రూట్ పాస్‌వర్డు మరచినట్లు నటించి, వెలుగునపుడే అడ్డగించి, క్రొత్తది పెట్టితిమి. మేము వంటింట నుండగా మా పెద్దవాడు ఆ పట్టికలో ఒక అక్షరము మార్చి పరుగెత్తిపోవును. వచ్చి కనుగొనుట మా వంతు. వానికది ఆట. మూడు నెలల పిదప రెండవమారు పరీక్షకు పోయి గెలిచితిమి. ఆ యోగ్యతాపత్రమునకు ఆయువు మూడేండ్లే. పిదప మరల చూపుకొనవలెను.

ఉద్యోగము దొరకినదాయని అడుగుదురు. ఇంకను లేదు. రెండు చోట్ల పిలిచి, ఇన్నేండ్లు ఏమి చేసితిరని యడిగిరి. ఇల్లు నడపితిమని చెప్పితిమి. వారు వ్రాసికొనలేదు. వెదకుట మానలేదు.

మా వారి పాఠశాల పట్టికలు ఇప్పుడు ఒక చిన్న లినక్సు సర్వరులో నున్నవి. ప్రతిరాత్రియు వాని నకలు వేరొక డిస్కునకు చేరును. వారమునకొకమారు మేము పోయి, ఆ నకలునుండి ఒక పట్టికను వెలికితీసి చూచి, యంత్రమును ఆర్పి వెలిగించి, అన్నియు తమంత లేచువరకు నిలుచుందుము. సోదరీమణులు ఏ విద్య నేర్చినను, ఒకమారు చెడగొట్టి బాగుచేసి చూచుకొనుడని మా మనవి.

మొన్నటి వానకు రాత్రి కరెంటు పోయి తెల్లవారుజామున వచ్చెను. మా వారు బడికి పోయి ఫోను చేసి, "అన్నీ ఉన్నాయి" అని మాత్రము చెప్పిరి. మా అత్తగారితో చెప్పితిమి. ఆమె తల యూచి, కాఫీకి నీళ్లు పెట్టిరి.