టీచరాట

ఇంటర్వెల్‌లో స్టాఫ్ రూమ్‌కి పోతూ వెనక్కి చూశాను. మా ఒకటో తరగతి వరండాలో "టీచరాట" జోరుగా నడుస్తోంది.

టీచరు ఓ బుడ్డది. చున్నీకి బదులు భుజమ్మీద చేతి రుమాలు. చేతిలో బెత్తం లేదు, హమ్మయ్య అనుకున్నా.
ఇంతలో నడుమ్మీద చెయ్యి పెట్టి, ఓ పెద్ద నిట్టూర్పు విడిచి,
"ఎన్నిసార్లు చెప్పాల్రా మీకు? మీతో నా తల పగిలిపోతోంది!"
వెంటనే పెన్సిల్ డబ్బా చెవికి ఆనించి, "ఆఁ సార్, క్లాసులోనే ఉన్నాను సార్."

అచ్చం నేనే. "సార్" దగ్గర గొంతు తగ్గించడంతో సహా.

2009 విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టొద్దని మాత్రమే కాదు, మానసికంగా వేధించొద్దని కూడా చెబుతుంది. మాకు మొదటి సగమే బాగా గుర్తుంటుంది. బెత్తం ఎప్పుడో అటకెక్కింది. మరి ఈ నిట్టూర్పుని ఏ ఖాతాలో రాయాలి?

అలాగని...
34 మంది. "టీచర్, వీడు నా రబ్బరు తీశాడు." "టీచర్, వీడు నన్నే చూస్తున్నాడు." ఒకడు బల్ల కింద, ఇంకొకడు కిటికీ మీద. అప్పుడు కూడా గొంతు లేవని మనిషి ఉంటే చెప్పండి, వచ్చి దణ్ణం పెట్టుకుంటా.

బెల్లు కొట్టాక ఆ బుడ్డ టీచర్ని పిలిచి మెల్లగా అడిగా, "నేను అలా అంటానా అమ్మా?"
కాసేపు ఆలోచించింది.
"మీరు ఇంకా గట్టిగా అంటారు టీచర్."

తోటి టీచర్లూ, మీ పిల్లలు మిమ్మల్ని ఎలా అనుకరిస్తారు? కామెంట్లో నిజమే రాయాలి మరి!