మందుల లెక్క

తండ్రి సాంచాలు విడిచి రాలేనందున, నిరుడు పదవ తరగతి బాలునొకని నేనే ధామన్కర్ నాకా వద్ద వైద్యుని కడకు తోడ్కొని పోయితిని. వానికి చిన్ననాటి నుండియు మధుమేహము. దినదినము ఇన్సులిను సూది తప్పదు. వైద్యుడు మరాఠీలో "ఎన్ని యూనిట్లు?" అని యడిగెను. వాడు తల వంచి, "మా అమ్మకు తెలుసు సార్" అని నాతో తెలుగున ననెను. ఆ తల్లికి మరాఠీ రాదు. ఇన్సులిను తక్కువైనను, ఎక్కువైనను ప్రాణాపాయమే!

2013లో పాల్ఘరులో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమపు పరీక్షలు 18 ఏండ్ల వరకే. ఆపైన పెద్దల వైద్యము. అచ్చట ప్రశ్నలు రోగినే యడుగుదురు.

విద్యార్థులారా! మీ వ్యాధి పేరు, మందు పేరు, మోతాదు తెలుగులోను మరాఠీలోను వ్రాసి యుంచుకొనుడు. తల్లిదండ్రులారా! ప్రక్కనే యుండుడు, సమాధానము మాత్రము బిడ్డలనే చెప్పనిండు.

ఆ బాలుడిప్పుడు తన లెక్క తానే వ్రాసికొనుచున్నాడు.