టోపీతో మొదలుపెట్టడమే నా తప్పు

ఎండాకాలం సెలవుల్లో మా వీధి పిల్లలకు చేతిపనులు నేర్పిస్తుంటాను. అందరూ నాలుగేళ్ల నుంచి ఏడేళ్ల లోపు వాళ్లే. మార్కాపురం ఎండల్లో మధ్యాహ్నం పూట పిల్లల్ని బయటికి వదల్లేక తల్లులు మా ఇంటికి పంపుతారు. ఒక ఏడాది ఊరికే రంగులు వేయించడం ఎందుకు, ఒక్కో వారం ఒక్కో దేశాన్ని పరిచయం చేద్దామనుకున్నాను. మెక్సికో వంతు వచ్చినప్పుడు చేసిన పొరపాట్లను ఇక్కడ రాస్తున్నాను. చిన్నపిల్లలతో పనిచేసేవాళ్లకు అవి పనికొస్తాయి.

మొదటిది టోపీ. ఫోన్లో ఏ వీడియో చూసినా అట్టతో చేసిన వెడల్పాటి టోపీ, నల్లకాగితంతో మెలితిప్పిన మీసం. చేయడం తేలిక, ఫొటోకు ముచ్చటగా ఉంటుంది. అందరికీ తగిలించి, ఫొటోలు తీసి తల్లులకు పంపాను. తెగ మెచ్చుకున్నారు. మర్నాడు "మెక్సికో గురించి ఏం తెలుసుకున్నారు?" అని అడిగితే ఒక బుడ్డోడు ఠక్కున చెప్పాడు: "ఆడ అందరికీ మీసాలుంటాయి టీచర్!" పక్కనున్న పాప "ఆడోళ్లకు గూడానా?" అంది. నవ్వొచ్చింది గానీ, ఆ జవాబు నేను నేర్పిందే. ఎక్కడో ఒక బడిలో మన దేశం గురించి చెప్పాలని పిల్లలకు తలపాగాలు చుట్టి, నాగస్వరం ఇచ్చి, ముందర పాము బొమ్మ పెడితే మనం ఊరుకుంటామా? సోంబ్రెరో అనే ఆ టోపీ ఎండలో గుర్రాల మీద, పొలాల్లో పనిచేసేవాళ్లది. ఇప్పుడు ఎక్కువగా మరియాచి వాద్యకారుల తలమీద కనిపిస్తుంది. ఆ దేశంలో ఉన్న కోట్లమందిని నేను ఒక వేషంలోకి కుదించేశాను.

రెండోది ఇంకా పెద్దది. 'కోకో' సినిమా వచ్చినప్పటి నుంచి, అంటే 2017 తర్వాత, పుర్రె బొమ్మల పండుగ మన పిల్లలకూ తెలిసింది. ఆ ఊపులో తెల్లట్ట మీద పుర్రె ముఖాలు గీయించి, "ఇది దయ్యాల పండుగ" అని ఒక్కమాటలో చెప్పేశాను. ఆ రాత్రి ఒక పిల్లవాడు లైటు తీయనివ్వలేదట. వాళ్ల అవ్వ పోయి ఏడాది కూడా కాలేదు. అవ్వ గూడా దయ్యమయిందా అని తల్లిని అడిగాడట. మర్నాడు ఆ తల్లి వచ్చి, గొంతు పెంచకుండానే, "పిల్లోళ్లకు ఇట్టాంటివెందుకు మేడం" అంది. తల ఎత్తలేకపోయాను.

దారి చూపింది మనవరాలిని దింపడానికి వచ్చే పెద్దామె. సంగతంతా విని, "చచ్చిపోయినోళ్ల పటం పెట్టి, పూలు పెట్టి, వాళ్లకిష్టమైంది వండుతారా? దాంట్లో దయ్యమేముందమ్మా? సమాధుల పండక్కి మేం చేసేదే గదా!" అంది. క్రైస్తవులైన ఆ ఇంటివాళ్లు నవంబర్ 2న సమాధులకు సున్నం కొట్టి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. మెక్సికోలో కూడా నవంబర్ 1, 2 తేదీలే. మొదటిరోజు పోయిన పసిపిల్లలకు, రెండోరోజు పెద్దవాళ్లకు. ఇంట్లో మెట్లుమెట్లుగా పీఠం కట్టి, పటాలు, రొట్టె, పండ్లు పెడతారు. వచ్చే ఆత్మలకు దారి తెలియాలని బంతిరేకులు చల్లుతారు. 2008లో యునెస్కో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వంలో చేర్చింది. హిందువుల ఇళ్లలో పండక్కి పెద్దల పటం ముందు కొత్తబట్టలు పెట్టుకోవడం కూడా పిల్లలకు తెలిసినదే. ఇంత దగ్గరి సంగతిని నేను దయ్యాల పాలు చేశాను.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. ముందు చెప్పేది మన ఇంట్లో, మన చేలో ఉన్న మెక్సికో సంగతి. కళ్లాల్లో ఎర్రగా ఆరబోసే మిరపకాయ పుట్టింది అక్కడే. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ల ఓడల్లో మన దేశానికి వచ్చింది. మొక్కజొన్నను మొదట సాగుచేసింది మెక్సికో వాళ్లే. సపోటా, బంతి అక్కడివే. గట్లమీద పెరిగే నాగజెముడు సంగతి చెబితే పిల్లలు నోళ్లు తెరిచారు. మెక్సికో జెండా మధ్యలో ఉన్నది అదే. ఆ చెట్టు మీద గద్ద కూర్చుని పామును తింటున్నచోట నగరం కట్టమని దేవుడు చెప్పాడని అక్కడ పూర్వం ఉన్న అజ్టెక్‌ల కథ. ఆ నగరం ఉన్నచోటే ఇప్పటి మెక్సికో సిటీ ఉంది. ఈ కథకు చేతిపని చాలా తేలిక. అరచేతికి ఆకుపచ్చ రంగు పూసి కాగితం మీద ఒకదానిపై ఒకటి అద్దితే నాగజెముడు. నాలుగేళ్ల పిల్ల కూడా చేస్తుంది. ముళ్లు మాత్రం స్కెచ్ పెన్నుతో.

తర్వాత కాగితపు తోరణం. మెక్సికోలోని ప్యూబ్లా రాష్ట్రంలో పల్చటి రంగుకాగితాలను దొంతరగా పేర్చి, చిన్న ఉలులతో పూలు, పక్షులు కోసి పండుగలకు కడతారు. ఉలితో రాతిని పొరలుగా విడదీసి పలకలు చేసే ఊరు మాది. మా క్లాసులో ఒకరిద్దరి తండ్రులు ఆ పనిలో ఉన్నవాళ్లే. "మా నాయన రాయి కోస్తాడు, వాళ్లు కాగితం కోస్తారా!" అని వాళ్లకు ఎంత గర్వమో. పిల్లల చేతికి ఉలి ఇవ్వలేం కదా. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, అంచుల్లో మొండి కత్తెరతో కోయమంటే చాలు. మరీ చిన్నవాళ్లు వేళ్లతో చించినా అందంగానే ఉంటుంది.

పలక మీద చేసేది ఇంకొకటి. 1936 ప్రాంతంలో మెక్సికో నగరంలో పెద్రో లినారెస్ అనే కళాకారుడు జబ్బుపడి, జ్వరంలో రెక్కల గాడిద, కొమ్ముల కోడి లాంటి వింత జంతువులను చూశాడని చెబుతారు. వాటినే కాగితపు గుజ్జుతో చేశాడు. అలెబ్రిహే అంటారు. బలపంతో నల్లమల పులికి నెమలి తోక, దుప్పికి చేప రెక్కలు గీయమంటే పిల్లలను ఆపలేం. బొమ్మ చేయాలనుకుంటే మన ముసలమ్మలు చేటలకు అలికే మెంతుల కాగితపు గుజ్జే చాలు.

పిన్యాతా విషయంలోనూ దెబ్బతిన్నాను. అక్కడ పూర్వం మట్టికుండకే రంగుకాగితాలు అంటించి, లోపల తీపి పెట్టి, కళ్లకు గంతలు కట్టి కొట్టించేవాళ్లు. మన ఉట్టి లాగానే కదా అని నేను ముంత కట్టాను. పెంకు తగిలి ఒక పాప కాలు గీరుకుపోయింది. ఇప్పుడు అక్కడ కూడా ఎక్కువగా అట్టతోనే చేస్తున్నారు. ఊదిన బెలూను మీద పాత పేపరు ముక్కలను గంజితో పొరలుగా అంటించి, ఆరాక బెలూను తీసేస్తే సరిపోతుంది. కర్ర తిప్పేటప్పుడు మిగతా పిల్లలను దూరంగా కూర్చోబెట్టండి.

చేతిపని పిల్లల చేతికి ఒక గంట పని ఇస్తుంది. పక్కన మనం చెప్పే మాట మాత్రం ఏళ్ల తరబడి వాళ్ల బుర్రలో ఉండిపోతుంది. అందుకే ఏ దేశం గురించి చెప్పబోయినా ఆ దేశపు మనిషి ఎదురుగా కూర్చుని వింటున్నాడనుకుని చెప్పండి. వాళ్ల వేషంతో కాకుండా, వాళ్ల తిండితో, పంటతో, పండుగతో మొదలుపెట్టండి. చావు లాంటి సంగతి వచ్చినప్పుడు ఏ పిల్లవాడి ఇంట్లో ఎవరు పోయారో ముందే తల్లిని అడిగి తెలుసుకోండి. కత్తెర, జిగురు తర్వాత సంగతి.