కుర్చీల బండి

హిందూపురంలో ఎండుమిర్చి మార్కెట్ దాటేసరికి డ్రైవరుతో సహా అందరం తుమ్ముతున్నాం. టాటా ఏస్ వెనకాల తాళ్లతో బిగించిన చెక్క కుర్చీలు. సెరిబ్రల్ పాల్సీతో కూర్చోలేని పిల్లల కోసం ఇక్కడి ఆచారి ఒకాయన చేసిచ్చినవి. నడుం నుంచి మోకాలి దాకా, మోకాలి నుంచి మడమ దాకా, ఛాతీ వెడల్పు... ఒక్కో బిడ్డకూ మా ఫిజియోథెరపీ మేడం టేపు పెట్టి కొలిచి రాసుకొచ్చింది. తలకు రెండు పక్కలా ఆపు, ఛాతీకి బెల్టు, కాళ్లు పెనవేసుకుపోకుండా మధ్యలో మెత్త కుట్టిన దిమ్మె, ముందు పలక. నాకు వైద్యం రాదు. దించడం, బెల్టులు బిగించడం, అన్నం తినిపించేటప్పుడు తల పట్టుకోవడం, అంతే.

మొదటి ఇంట్లో పాపకు తొమ్మిదేళ్లు. చూస్తే నాలుగేళ్ల పిల్లలా ఉంది. రాగిజావ తాగించాలి. గడ్డం కాస్త కిందికి వంచి పట్టుకోమంది మేడం. తల వెనక్కి వాలితే ఊపిరితిత్తుల్లోకి పోతుందట. స్పూనులో సగమే. నాలుక మీద పెట్టి ఆగాలి. ఎంతసేపు? గొంతు కదిలిందాకా. కదలదు. పెదవి పక్కనుంచి జావ కారుతుంది, తుడవాలి, మళ్లీ ఆగాలి. గిన్నె అయ్యేసరికి ముప్పావుగంట. వాళ్లమ్మ రోజుకు మూడుపూటలా ఇదే చేస్తుంది.

"పుట్టినప్పుడు ఏడ్సలేదన్నా" అందామె. ఈ మాట ఇంచుమించు ప్రతి ఇంట్లోనూ విన్నాను. కాన్పులో ప్రాణవాయువు అందక కొందరికి, నెలలు నిండకుండా పుట్టి కొందరికి, పచ్చకామెర్లు ముదిరి కొందరికి మెదడు దెబ్బతింటుంది. వచ్చినవాళ్లు మాత్రం ముందుగా అడిగేది "మేనరికమా?" అనే. ఆమెది మేనరికం కాదు. అయినా ప్రతిసారీ సంజాయిషీ చెప్పుకోవాల్సిందే.

గడపలో నిలబడి చూస్తున్న పక్కింటి అవ్వ మమ్మల్ని మెచ్చుకుంది. "శానా పుణ్యమప్పా మీకు." ఆ వెంటనే, తల్లి వినేలాగానే, "ఏ జన్మలో ఏం పాపం చేసిందో" అంది. నాకు ఒళ్లు మండింది. ముప్పావుగంట తల పట్టుకున్నందుకు నాకు పుణ్యమట, తొమ్మిదేళ్లుగా మోస్తున్నందుకు ఆమెకు పాపమట. జాలి పడడానికి సిద్ధపడే వచ్చాను గానీ కోపం వస్తుందని అనుకోలేదు. తల్లి మాత్రం మూతి తుడిచే గుడ్డ ఉతకడానికి లేచి వెళ్లింది.

పెనుకొండ కోట కనిపించేసరికి ఎండ ముదిరింది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికే మార్చారు. ఇప్పుడు ఈ రోడ్డు మీద ఎర్రమంచి కియా ఫ్యాక్టరీ బస్సులు తిరుగుతుంటాయి. ఇక్కడి పిల్లాడికి పద్నాలుగేళ్లు, మంచి బరువు. ఎత్తి ఎత్తి తల్లికి నడుం పోయింది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఉంది. 2024లో దివ్యాంగుల పింఛను ఆరు వేలయ్యాక వీధిలో "మీకేమమ్మా" అనేవాళ్లు ఎక్కువయ్యారట. పూర్తిగా మంచాన పడ్డవాళ్లకిచ్చే పదిహేను వేలు వీడికి రావు. బడికి పోలేడు కాబట్టి ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం టీచరే ఇంటికి వచ్చి చెబుతుంది.

వీడికి మాట లేదు. అవునంటే కళ్లు పైకెత్తుతాడు, కాదంటే గట్టిగా మూస్తాడు. కుర్చీ లోపలికి తెస్తూ ద్వారబంధానికి ఠపీమని తల కొట్టుకున్నాను. ఒళ్లంతా బిగుసుకుపోయి, చేతులు విసురుకుంటూ, ఊపిరందనంతగా నవ్వాడు. "మళ్లీ కొట్టుకోనా?" అంటే కళ్లు పైకి! కొట్టుకున్నాను. ఒంట్లో కండరాలు మాట వినకపోతే బుద్ధి కూడా లేదనుకునేవాళ్లను వీడి ముందు కాసేపు కూర్చోబెట్టాలి.

దారిలో మేడం నిద్రపోయింది. ప్రతి ఇంటినుంచీ బయటికి రాగానే హాయిగా గాలి పీల్చుకుంటున్నానని అప్పుడు గమనించాను. పోనీ, అందులో తప్పేముంది? ఆ తల్లులకు ఆ గాలి లేదన్నదే అసలు సంగతి. వాళ్లకు కావలసింది మా కన్నీళ్లు కాదు, మధ్యాహ్నం రెండు గంటలు బిడ్డను చూసుకునే మనిషి.

ధర్మవరంలో ఇంటి ముందుగది అంతా మగ్గమే. గుంటలో కాళ్లు పెట్టి తల్లి పట్టుచీర నేస్తోంది, పక్కనే చాప మీద ఏడేళ్ల కొడుకు. గుంటమగ్గం కాబట్టి ఆమె ముఖం దాదాపు వాడి ఎత్తులోనే ఉంది. మగ్గం పలక కొట్టుకునే చప్పుడు ఆగితే వాడు మూలుగుతాడు, మొదలైతే ఊరుకుంటాడు. నెలకోసారి పక్కనున్న బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రికి తీసుకుపోతుందట. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన సంస్థ అది. ఆయన ఫొటో దేవుళ్ల పటాల వరుసలోనే ఉంది.

వాణ్ని కుర్చీలో కూర్చోబెట్టి బెల్టు బిగించాం. మెడ ఓపక్కకు వాలింది, ఆపు సర్దాం, నిలబడింది. గుంటలోంచి తల్లి తలెత్తి చూసి ఫక్కున నవ్వింది. "చూడప్పా, నాకంటే పెద్దోడైపాయ!" వాడు కిటికీలోంచి కనబడుతున్న మేకను చూస్తున్నాడు. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట చాలు, ఎర్రగా కందితే దించెయ్యమని మేడం చెప్పింది.

"పెరిగితే?"

కాళ్ల పలక మరలు విప్పి కిందికి దించుకోవచ్చని చూపించాను. నా నంబరు చెప్పబోయాను.

"నీది ఏంటికన్నా, చేసినాయనది చెప్పు."

ఆచారి నంబరు క్యాలెండరు పక్కన గోడ మీద పెన్సిలుతో రాసుకుంది.